ఒంటిమీది ఉష్ణమాపకము

1812వ సంవత్సరపు శీతకాలమున నెపోలియను సేన మాస్కో విడిచి పడమటికి మరలి వచ్చుచుండగా, ఆ సేనకు ప్రధాన శస్త్రవైద్యుడైన డొమినిక్ లారే తన కోటు కాజాకు ఒక చిన్న ఉష్ణమాపకమును తగిలించుకొని నడచెను. చలిలో పోవు మనుష్యుడు తన ఒంటిమీద ఉష్ణమాపకమును ధరించెనను మాట అంతకు పూర్వపు చరిత్రలో మేము చదివి యుండలేదు. ఆ గాజు గొట్టముపై నున్నవి రెయోమ్యూరు అంకెలు. ఆ లెక్కలో నీరు గడ్డకట్టుట సున్న, మరుగుట 80. 1869లో షార్లు మినార్డు అను ఫ్రెంచి ఇంజనీరు ఆ తిరుగుప్రయాణమునకు ప్రసిద్ధమైన పటము నొకదానిని గీచి, దాని క్రింది అంచున చలి లెక్కను కూడ గుర్తించెను. అక్టోబరు 18వ తేదీన సున్న, నవంబరు 14న సున్నకు దిగువ 21, డిసెంబరు 6న దిగువ 30. ఈ కడపటి అంకెను ఇప్పటి సెంటిగ్రేడు లెక్కకు మార్చినచో మైనస్ 37.5 అగును. మరి రెండు డిగ్రీలు దిగినచో గొట్టములోని పాదరసమే గడ్డకట్టి యుండెడిది. నీమెన్ నది దాటి రష్యాలో ప్రవేశించినపుడు 4,22,000 మందిగా నున్న సేన, తిరిగి ఆ నదిని చేరునప్పటికి 10,000 మందిగా మిగిలినట్లు అదే పటము చూపుచున్నది. చలి యొక్కటే వారి నందరిని చంపలేదు. ఆకలి, టైఫసు జ్వరము, కొసాక్కుల బల్లెములు తమ వంతు తాము తీసికొనెను. అయినను చలి పాలు చిన్నది కాదు.

చలివలన మరణించు సిపాయిని లారే దగ్గరనుండి చూచి తన జ్ఞాపకములలో వ్రాసెను. ముందుగా ముఖము పాలిపోవును. మాట తడబడును. చూపు మందగించును. బుద్ధి యొకవిధమైన జాడ్యమున పడును. త్రాగినవానివలె తూలుచు, తోడివారి చేయి పట్టుకొని కొంతదూరము నడచును. తుదకు వరుసనుండి తొలగి, దారి ప్రక్కన కూలబడి, నిద్రించినట్లే పోవును. ఆ కడపటి ఘడియలలో ఆ సిపాయి తన స్థితిని తాను ఎరిగినవాడు కాడు. లారే కోటుమీది పాదరసము గాలి సంగతి చెప్పెను. ప్రక్కన తూలుచు నడచువాని సంగతి అది చెప్పజాలకపోయెను. గాలిని కొలుచు పరికరము మనుష్యుని కొలుచు పరికరముగా మారుటకు పట్టిన కాలమే ఈ వ్యాసమునకు విషయము.

గాలికిని మనిషికిని గల ఈ భేదము మా వృత్తిలోనివారికి ఏటేట ఎదురగునదే. శీతకాలపు ఉదయములందు ఆదిలాబాదున ఇంత, చింతపల్లిలో ఇంత అని కనిష్ఠోష్ణోగ్రతలను మేము వార్తలలో చదువుచుందుము. ఆ అంకె నేలకు నాలుగడుగుల యెత్తున, ఎండయు వానయు తగులకుండ, గాలి మాత్రము ఆడునట్లు ఏటవాలు పలకలు అమర్చిన తెల్లని పెట్టెలోనిది. కొన్నిచోట్ల ఇప్పుడు ఆ పెట్టెకు బదులు స్వయంచాలక యంత్రము వచ్చినను పద్ధతి అదియే. ఆ పెట్టెను పందొమ్మిదవ శతాబ్దమున రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్ దీపస్తంభములు కట్టు ఇంజనీరు, ‘ట్రెజర్ ఐలండ్’ నవల వ్రాసిన రాబర్టు లూయీ స్టీవెన్‌సనుకు తండ్రి. చింతపల్లి సమీపముననే లంబసింగి కలదు. దానికి కొర్రబయలు అని మరియొక పేరు. ఆరుబయట నిలిచినవాడు కొర్రవలె బిగుసుకొని పోవునని ఆ పేరునకు అచ్చటివారు అర్థము చెప్పుదురు. పెట్టెలోని అంకె నాలుగైనను ఆరైనను, ఆ రాత్రి బయట పరుండినవాని ప్రాణము ఆధారపడి యున్నది ఆ అంకెమీద కాదు, వాని దేహములోని అంకెమీద.

దేహమే యొక ఉష్ణమాపకము కదా, తనకు చలి వేయుట తనకు తెలియదా యని శ్రోతలు అడుగవచ్చును. తెలియును, కాని కొంతవరకే. వ్రేళ్ల చర్మము 10 డిగ్రీల దరిదాపులకు దిగునప్పటికి స్పర్శ మొద్దుబారును. ఇంకను దిగినచో నొప్పియు పోవును. నొప్పి పోయినది గనుక నెమ్మదించినదని మనస్సు భ్రమపడును గాని, చర్మము సున్నకు కొంచెము దిగువకు పోయి మంచుకాటు పట్టుట ఆ పిమ్మటనే జరుగును. దేహాంతర్భాగము సంగతి ఇంతకంటె ఘోరము. సహజముగా 37 డిగ్రీల చుట్టుప్రక్కల నుండు లోపలి వేడిమి 35కు తగ్గినంతనే వైద్యులు దానిని హైపోథెర్మియా అందురు. అప్పటికి వణకు ముమ్మరముగా నుండును. 32కు దిగువ వణకు ఆగిపోవును, ఆలోచన చెదరును. 28కి దిగువ గుండె లయ తప్పు ప్రమాదము మెండు. చలికి చనిపోవు దశలో కొందరు ఒంటిమీది బట్టలు తామే విప్పి పారవేయుట పలుదేశముల వైద్యులు చూచియున్నారు. చర్మపు రక్తనాళములు పట్టు సడలి వెచ్చని రక్తము పైకి ఉబుకుటచే వారికి ఒళ్లు మండిపోవుచున్నట్లు తోచునట! ఇల్లు జొరబడు దొంగ ముందుగా కాపలా కుక్కకు ముద్ద విసరినట్లు, చలి ముందుగా చలిని తెలుపు ఇంద్రియమునే లోబరచుకొనును.

ఇది గడ్డకట్టు మంచులో మాత్రమే జరుగునను కొనరాదు. 1964 మార్చిలో ఇంగ్లండులోని డెర్బీషైరు కొండలలో యువకుల నడక పందెమొకటి జరిగెను. వాన, ఈదురుగాలి. ముగ్గురు మరణించిరి. 1953లో ఎవరెస్టు నెక్కిన బృందమునకు శరీరధర్మ శాస్త్రవేత్తగా పోయిన గ్రిఫిత్ ప్యూ ఆ మరణములను పరిశోధించి, తడిసిన బట్ట చలిని ఆపు శక్తిని ఎంతగా కోల్పోవునో లెక్కగట్టి చూపెను. తెన్‌సింగు, హిల్లరీలు ఎక్కిన శిఖరము నెరిగిన మనుష్యుడు ఒక సామాన్యమైన తడి గుట్టమీది మృత్యువును గూర్చి వ్రాయవలసి వచ్చెను.

ఇక ఉష్ణమాపకము మనుష్యుని దేహమును చేరిన కథ. అది లారేకు రెండు వందల యేండ్ల పూర్వమే మొదలైనది. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడైన సాంటోరియో 1612 నాటికే గాలిగొట్టమునకు గీతలు పెట్టి రోగుల వేడిమిని పోల్చి చూచుచుండెను. గొట్టము పై చివర గాజు బుడ్డి, క్రింది చివర నీటి పాత్ర. రోగి ఆ బుడ్డిని నోట నుంచుకొనగా లోపలి గాలి వ్యాకోచించి నీటిని క్రిందికి నెట్టును. నేడు చూచినచో నవ్వు పుట్టించునంత పెద్ద పరికరము. అయినను వేడిమిని చేతితో తాకి చెప్పుటకు మారుగా గీతతో చెప్పుట అతనితో ప్రారంభమైనది. 1714లో ఫారెన్‌హీటు పాదరసపు గొట్టము చేసెను. 1742లో సెల్సియసు నూరు భాగముల కొలతను ప్రతిపాదించెను, అయితే అతడు మరుగు నీటికి సున్నయు, గడ్డకట్టు నీటికి నూరును పెట్టెను! అతని మరణానంతరము అది తలక్రిందులైనది, లేక సరియైనది.

చలిబడ్డ దేహమును కొలువవలెనని మొదట పట్టుబట్టినవారిలో జేమ్సు కరీని విశేషముగా చెప్పవలెను. ఈయన లివర్‌పూలు వైద్యుడు. స్కాట్లండు కవి రాబర్టు బర్న్సు కృతులను 1800లో సంపాదకత్వము వహించి ప్రకటించినవాడు కూడ ఈయనయే. 1790 డిసెంబరులో మెర్సీ నది ముఖద్వారమున ఒక అమెరికా ఓడ ఇసుక తిప్పమీద చిక్కి పగిలిపోగా, నావికులు చలిలో గంటల తరబడి ఉండవలసివచ్చెను. కొందరు చనిపోయిరి, ఎక్కువమంది బ్రతికిరి. ఎవరు ఎందుచేత బ్రతికిరను ప్రశ్న కరీని వదలలేదు. ఆరోగ్యవంతులైన మనుష్యులను వారి సమ్మతితో చల్లని నీట నిలిపి, నాలుక క్రింద ఉష్ణమాపక ముంచి నిమిష నిమిషమునకు అంకె వ్రాసికొని, 1792లో లండను రాయల్ సొసైటీకి నివేదించెను. నీటిలో నున్నంతసేపే గాక, పైకి తీసిన తరువాత కూడ లోపలి వేడిమి కొంత దిగునని అతడు కనిపెట్టెను. చలినీటినుండి రక్షింపబడినవాడు ఒడ్డున కూలి చనిపోవుటకు గల కారణములలో ఇదియొకటిగా తరువాతివారు తలచిరి. ఈ పరిశీలన నిజమునకు గొప్పది. కాని అది పుస్తకములలోనే నిలిచిపోయినది.

అందులకు కారణము మాకు తోచినంతవరకు ఇది. పందొమ్మిదవ శతాబ్దమున వైద్యుల దృష్టి అంతయు జ్వరముమీదనే యుండెను. అందు తప్పేమియు లేదు, జ్వరమే ఎక్కువమందిని చంపుచుండెను. లైప్‌జిగ్ నగరమున కార్లు వూండర్‌లిఖ్ దాదాపు 25,000 మంది రోగుల చంకలలో ఉష్ణమాపకము నుంచి కొలతలు తీసి 1868లో మహాగ్రంథము వెలువరించెను. 37 డిగ్రీలు సహజమను మాట లోకమున స్థిరపడుటకు ఆ గ్రంథమే మూలము. అతని గొట్టము జానెడు పొడవు, పావుగంటకు పైగా పట్టియుంచవలెను. ఇంగ్లండులో క్లిఫర్డు ఆల్‌బట్ 1867 ప్రాంతమున దానిని ఆరంగుళములకు కుదించి, ఐదు నిమిషములలో పని జరుగునట్లు చేసెను. వైద్యుని జేబులోనికి ఉష్ణమాపకము వచ్చినది. మన యిండ్లలో చిరకాలము వాడిన పాదరసపు థర్మామీటరు దాని సంతతియే.

ఆ థర్మామీటరును చూచినవారికి రెండు సంగతులు జ్ఞాపకముండును. ఒకటి, దాని అంకెలు 94 లేక 95 ఫారెన్‌హీటునుండి, అనగా 35 సెంటిగ్రేడు దరినుండి మొదలగును. రెండవది, వాడుటకు ముందు దానిని గట్టిగా విదిలింపవలెను. బుడ్డికి పైన గొట్టము సన్నగా నొక్కబడి యుండుటచే ఎక్కిన పాదరసము తనంత తాను దిగదు. జ్వరము ఎంతవరకు ఎక్కినదో చూచుటకు ఇంతకంటె తెలివైన ఏర్పాటు లేదు. కాని చలిబడ్డ మనుష్యుని నోట నుంచినచో అది ఏమి చెప్పును? 35కు దిగువ దానికి అంకెయే లేదు. విదిలించుట మరచినచో నిన్నటి రోగి జ్వరమును నేటి రోగికి అంటగట్టును. హైపోథెర్మియా మొదలగు చోటనే ఆ పరికరము గ్రుడ్డిదగుచున్నది. నూరేండ్లపాటు వైద్యలోకము చేతనుండిన ఉష్ణమాపకము చలిని చూడలేని ఉష్ణమాపకమనిన అతిశయోక్తి కాదు. బ్రిటనులో 1966లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్సు వారు శీతకాలమున ఆసుపత్రులలో చేరినవారిని తక్కువ అంకెలు గల గొట్టములతో పరీక్షింపజేయగా, వేయింటికి దాదాపు ఏడుగురి దేహములు 35కు దిగువ నున్నట్లు తేలెను. ముసలివారు, పసివారు అందు ముఖ్యులు. వారు అంతకు ముందు లేరని కాదు, కొలిచినవారు లేరు.

కొలత లేనప్పుడు చికిత్స యెట్లు దారితప్పునో లారేయే సాక్ష్యము. 1807 ఫిబ్రవరిలో ఐలౌ యుద్ధమున గడ్డకట్టు చలిలో ఊరకున్న సిపాయిలు, మంచు కరగనారంభించిన దినమున కాళ్లు మండుచున్నవని మొరపెట్టిరి. మంటలవద్దకు పరుగెత్తినవారి పాదములు కుళ్లిపోయెను. నిప్పు సెగ చెడ్డదని అతడు గ్రహించుట సరియే. మొద్దుబారిన పాదమునకు కాలుట తెలియదు. కాని అందుకు మారుగా మంచుతో రుద్దుడని అతడు చెప్పిన మాట శతాబ్దమునకు పైగా వేదవాక్యమై, ఎందరి వ్రేళ్లనో పోగొట్టెను. గోరువెచ్చని నీట త్వరగా వేడెక్కించుటే మేలని ఇరువదవ శతాబ్దపు నడుమ గాని స్థిరపడలేదు. ఆ నీరు 37 మొదలు 39 డిగ్రీలలో నుండవలెనని నేటి వైద్యులు చెప్పుదురు. అచ్చటను ఉష్ణమాపకమే దిక్కు.

గాజు గొట్టమును ఒంటికి కట్టుకొని పని చేయుట సాధ్యము కాదు గనుక, ధరించు పరికరము విద్యుత్తు వచ్చువరకు ఆగవలసి వచ్చెను. 1821లో బెర్లినులో సీబెక్ రెండు వేర్వేరు లోహపు తీగలను జోడించి, ఒక అతుకును వేడిచేసిన దిక్సూచి కదలుటను చూచెను. 1835లో బెకెరెల్, బ్రెషే అను ఫ్రెంచివారు అట్టి తీగను సూదిగా చేసి కండలలో గ్రుచ్చి, కండ పని చేయునపుడు వేడెక్కునని చూపిరి. మరియొక దారి ఫారడేది. 1833లో అతడు వెండి గంధకమును వేడిచేయగా దానిగుండ విద్యుత్తు సులభముగా పారుటను కనిపెట్టెను. లోహముల స్వభావమునకు ఇది విరుద్ధము. ఈ విచిత్రమును వినియోగించి 1930 ప్రాంతమున థర్మిస్టరు అను చిన్న పూస తయారైనది. ఆవగింజంత పూస, రెండు తీగలు, ఒక బ్యాటరీ. ఒంటిమీద ధరించు ఉష్ణమాపకములలో పెక్కింటికి నేటికిని అదియే గుండెకాయ.

ఆ కాలముననే గాలి పక్షమున కూడ ఒక గొప్ప అడుగు పడినది. బాలుర స్కౌటుగా 1928లో బర్డు నాయకత్వమున అంటార్కిటికా పోయిన పాల్ సైపిల్, పెద్దవాడై తిరిగి 1941లో చార్లెస్ పాసెల్‌తో కలిసి అక్కడ ఒక ప్రయోగము చేసెను. 250 గ్రాముల నీరు పోసిన ప్లాస్టికు గొట్టమును కర్రకు కట్టి, ఏ గాలికి ఎంత త్వరగా నీరు గడ్డకట్టునో గడియారము పట్టి చూచిరి. గాలిచలి లెక్క అట్లు పుట్టినది. కాని గొట్టములోని నీటికి రక్తప్రసరణ లేదు, ముఖము లేదు. 2001లో అమెరికా, కెనడా ప్రభుత్వములు ఆ లెక్కను సవరించునపుడు, స్వచ్ఛందముగా వచ్చిన మనుష్యుల ముక్కులకు, చెక్కిళ్లకు, గడ్డములకు ఉష్ణగ్రాహకములు అంటించి గాలి సొరంగమున నడిపించిరి. నీటిగొట్టము స్థానమున మనుష్యుని ముఖము వచ్చుటకు అరువదేండ్లు పట్టెను.

ఈ చరిత్రలో చెప్పక దాటరాని పుట యొకటి కలదు. 1942 ఆగస్టు మొదలు 1943 మే వరకు జర్మనీలోని డాకౌ నిర్బంధ శిబిరమున నాజీ వైద్యులు దాదాపు 300 మంది ఖైదీలను మంచునీట ముంచి దేహపు వేడిమిని కొలిచిరి. ఎనుబదిమందికి పైగా మరణించిరి. కరీ సమ్మతి అడిగి చేసిన పనికిని దీనికిని పోలిక యెంచుటయే పాపము. పాపమైనను ఫలము వాడుకొనవచ్చునని వాదించినవారు తరువాత లేకపోలేదు. 1990లో ఆ పత్రములను పరిశీలించిన ఒక అమెరికా శస్త్రవైద్యుడు, అవి శాస్త్రముగా కూడ నమ్మదగినవి కావని తేల్చి ఆ వాదమును కూల్చెను.

రేడియోవారమైన మాకు ఈ కథలో మిక్కిలి ప్రియమైన ఘట్టము 1957 నాటిది. అప్పటికే వాతావరణ శాస్త్రజ్ఞులు బెలూనుకు చిన్న ప్రసారయంత్రము కట్టి మేఘములపైకి పంపి, అచ్చటి వేడిమిని నేలమీద వినుచుండిరి. 1929లో ఫ్రాన్సున రోబేర్ బ్యూరో, 1930లో రష్యాలో మొల్చానొవ్ ఎగురవేసినవి అట్టివే. ఆకాశమున పంపగలిగినది కడుపులోనికి ఏల పంపరాదు? ట్రాన్సిస్టరు వచ్చి అదియు సాధ్యమైనది. స్వీడనులో మెకే, జాకబ్‌సన్ అనువారు మూడు సెంటీమీటర్లకు మించని ప్రసారయంత్రమును మాత్రవలె మ్రింగించి, కడుపులోని ఒత్తిడిని, వేడిమిని బయటి రిసీవరులో పట్టిరి. వేడిమి మారినకొలది దాని స్వరము మారును. ఇంతకంటె చిన్న రేడియో స్టేషను అంతకు ముందు ఉండి యుండదు, వినువారు కూడ ఒక్కరే! 1998లో 77 ఏండ్ల వయస్సున రెండవసారి అంతరిక్షమునకు పోయిన జాన్ గ్లెన్ ఇట్టి మాత్రనే మ్రింగెను.

మాత్ర నిజము చెప్పును గాని దినదినము మ్రింగదగినది కాదు. చర్మముమీద పెట్టిన పూస సులభమే గాని, అది చర్మము సంగతి చెప్పును, గుండె సంగతి చెప్పదు. చలిలో చర్మము 20 డిగ్రీలున్నను లోపల 37 ఉండవచ్చును. ఈ చిక్కునకు 1971లో ఇంగ్లండులో ఫాక్సు, సోల్‌మన్ అనువారు చక్కని ఉపాయము పన్నిరి. చర్మముపై ఒక చిన్న మెత్త, అందు క్రిందొకటి పైనొకటి రెండు ఉష్ణగ్రాహకములు, వానిపై చిన్న వేడితీగ. క్రింది అంకెయు పై అంకెయు సమానమగువరకు తీగ వేడెక్కును. సమానమైనప్పుడు ఆ చోట దేహమునుండి వేడిమి బయటికి పోవుట ఆగినదన్నమాట. అప్పుడు చర్మపు వేడిమియే లోపలి వేడిమికి చేరువగును. కుండకు మూత పెట్టి, మూత వెచ్చదనమునుబట్టి లోపలి నీటి సంగతి తెలిసికొన్నట్లే. నేడు శస్త్రచికిత్సలలో నుదుట అంటించు పరికరములు ఈ సూత్రముపై నడచునవే.

ఇంత నేర్చియు, హిమసీమలో తిరుగు మనుష్యునికి తగిన పరికరము చేయుట నేటికిని సుకరము కాదు. చలి బ్యాటరీని కూడ నీరసపరచును. దానిని వెచ్చగా నుంచుటకై కోటు లోపల దాచినచో, గ్రాహకము కోటు లోపలి వెచ్చదనమును చెప్పును గాని చేతితొడుగులోని వ్రేలి సంగతి చెప్పదు. తీగ లాగి వ్రేలికి పూస కట్టినచో తీగ తెగును, చేయి పని చేయజాలదు. వీటన్నిటికంటె పెద్ద చిక్కు మరియొకటి. గంట మ్రోగినది సరే, ఎవరు వినవలెను? లారే చూచిన సిపాయి చెవి ప్రక్కన గంట మ్రోగినను వాడు లెక్కచేసి యుండడు. కనుక పరికరము ధరించినవానికే గాక తోడివానికి కూడ తెలుపవలెను. చలిలో ఇద్దరిద్దరుగా పోయి ఒకరి ముఖము నొకరు చూచుకొనవలెనను పాత నియమమునకు రేడియో తోడైనది, అంతే. మన జవానులకు ఇది పుస్తకపు సంగతి కాదు. 1962లో నూలుబట్టలతో, క్యాన్వాసు బూట్లతో హిమాలయములపై నిలిచినవారిని దేశము మరువలేదు. 1984 నుండి సియాచిన్‌లో శత్రువు గుండుకంటె చలి, మంచుచరియలు ఎక్కువమందిని తీసికొనెను. 2016 ఫిబ్రవరిలో అచ్చట మంచు క్రింద పడి పోయిన పదిమందిలో కర్నూలు జిల్లా వారొకరు.

అయితే చలి తన సంగతి తాను చెప్పుకొనలేని వారిని వెదకుచు సియాచిన్ వరకు పోనక్కరలేదు. వారు మన ప్రతి ఊరనుందురు. అప్పుడే పుట్టిన బిడ్డ 37 డిగ్రీల గర్భమునుండి తడి యొంటితో 27 డిగ్రీల గదిలోనికి వచ్చును. మనకు ఉక్కగా నున్న ఆ గది బిడ్డకు చలిగది. పెద్దలవలె వణకుట బిడ్డకు చేతకాదు. వీపునను మెడచుట్టును ఉన్న గోధుమరంగు క్రొవ్వును కరిగించి వేడి పుట్టించుకొనవలెను, నెల తక్కువ బిడ్డకు అదియు అరకొరయే. 1880లో పారిసునందు తార్నియే అను వైద్యుడు జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లు పొదిగించు పెట్టెను చూచి, అట్టిది బిడ్డలకు చేయించెను. అతని శిష్యుడు బుడాన్ బిడ్డల వేడిమిని వ్రాసి యుంచి, చల్లబడిన బిడ్డ బ్రతుకుట అరుదని 1900లో గ్రంథముఖముగా చాటెను. అయినను ఎంత వేడిమి చాలునో చెప్పగలవారు లేరు. 1958లో న్యూయార్కున సిల్వర్‌మన్ అను శిశువైద్యుడు నెల తక్కువ బిడ్డల పెట్టెలలో కొన్నిటిని 28.9 డిగ్రీలవద్దను, కొన్నిటిని 31.7 డిగ్రీలవద్దను ఉంచి చూచెను. తేడా మూడు డిగ్రీలైనను లేదు. బ్రతికిన బిడ్డలు మాత్రము నూటికి దాదాపు 15 మంది పెరిగిరి. ఏ క్రొత్త మందునకును ఇంతటి ఫలము లభించుట అరుదు. అటుపిమ్మట బిడ్డ పొట్టమీద థర్మిస్టరు పూసను అంటించి, అది చల్లబడినంతనే వేడిదీపము తనంత తాను వెలుగునట్లు 1963లో ఏర్పాటు చేసిరి. చలినుండి కాపాడుటకు ఒంటిమీద ధరించిన ఉష్ణమాపకము నిజముగా ప్రాణరక్షణ చేసినది అచ్చటనే యని మా తలంపు.

మన పురిటిగదులలో కుంపటి పెట్టుట ఉండెను, పుట్టినంతనే బిడ్డకు నీళ్లు పోయుటయు ఉండెను. మొదటిది గాలి ఆడు గదిలో పొగలేక చేసినచో కొంత మేలు, రెండవది కీడు. మొదటి దినము స్నానము వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ సంస్థ లెక్కలో బిడ్డకు 36.5 మొదలు 37.5 వరకు సరియైన వేడిమి, 36కు దిగువ దిగిన ఉపేక్షింపరాదు. ఏ పరికరము లేని ఇంట తల్లి తన చేతి వెనుకభాగముతో బిడ్డ పొట్టను, పాదములను తాకి చూడవచ్చును. పొట్ట వెచ్చగానుండి పాదములు చల్లగానున్న చలి మొదలైనది, రెండును చల్లబడిన ప్రమాదము. కాని తల్లి నిద్రించు రాత్రివేళ చేయి తాకదు. ఆ లోపమును తీర్చుటకై గత దశాబ్దిలో బెంగళూరున ఒక చిన్న కంకణము తయారైనది. బరువు తక్కువ బిడ్డ ముంజేతికి దానిని కట్టుదురు. వేడిమి సరిగా నున్నంతసేపు అందు నీలిదీపము మినుకుమినుకుమనును. తగ్గినచో దీపము నారింజరంగునకు మారి, కూత వేయును. ఇంజనీరులు కోరిన జవాబు ఇక్కడ దొరకినది, గంట ధరించినవారికొరకు కాదు, ప్రక్కనున్నవారికొరకు. కూత విన్న తల్లి చేయవలసిన పనిని 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున పెట్టెలు చాలక యిబ్బందిపడిన వైద్యులు కనిపెట్టి యుంచిరి. బిడ్డ ఒంటి బట్ట తీసి, తలకు టోపీ పెట్టి, తన రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు నిలువుగా హత్తుకొని, పైన దుప్పటి కప్పుకొనవలెను. కొంతసేపటికి ఆ దీపము తిరిగి నీలమగును.